తెలుగు మీడియంలో చదివి లా కాలేజీలో చేరారా? లా ఇంగ్లీష్ ఇలా మొదలుపెట్టండి

లాసెట్ రాసి, కౌన్సెలింగ్ అయిపోయి, కాలేజీలో చేరిన మొదటి నెలలోనే చాలామంది స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్‌కి ఫీజు కట్టేస్తారు. తెలుగు మీడియంలో డిగ్రీ చేసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరినవాళ్లయితే మరీను. ఆ డబ్బు ఇప్పుడే కట్టకండి. లా చదువులో ముందు మీకు అడ్డుపడేది మాట్లాడే ఇంగ్లీష్ కాదు, చదివే ఇంగ్లీష్. చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివి గడగడా మాట్లాడే మీ క్లాస్‌మేట్ కూడా కాంట్రాక్ట్ యాక్ట్ రెండో సెక్షన్ దగ్గర మీతో పాటే ఆగిపోతాడు, ఎందుకంటే 1872లో రాసిన ఆ ఇంగ్లీష్ ఇప్పుడు ఎవరింట్లోనూ మాట్లాడరు. కాబట్టి వెనకబడ్డామన్న టెన్షన్ పక్కన పెట్టేయండి, కానీ పని మాత్రం మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి.

"నేను మా ఊళ్లోనే ప్రాక్టీస్ చేస్తాను, వాదనలు తెలుగులోనే కదా, నాకెందుకు ఇదంతా" అనేవాళ్లూ ఉంటారు. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల కార్యకలాపాలు ఇంగ్లీష్‌లో జరగాలి. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి కేసులో తెలుగులో తీర్పు ఇచ్చినప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది, అలాంటివి ఇంకా చాలా రావాలి. కానీ రేపు మీరు జూనియర్ సివిల్ జడ్జి ముందు ఇంజంక్షన్ పిటిషన్ మీద వాదించాలన్నా చూపించాల్సిన పాత తీర్పులు దాదాపు అన్నీ ఇంగ్లీష్‌లోనే ఉన్నాయి. అవి చదవడం రాకపోతే సీనియర్ ఏం చెబితే అదే నమ్మాలి, ఎదుటి లాయరు ఏ తీర్పు చూపిస్తే దానికి తలూపాలి.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి? బేర్ యాక్ట్‌తో, అంటే వ్యాఖ్యానాలేవీ లేని చట్టం అసలు పాఠంతో. గైడ్లు, ప్రశ్న–జవాబుల పుస్తకాలు పరీక్ష ముందు పనికొస్తాయేమో గానీ భాష నేర్పవు. వాటిలో సెక్షన్‌ని నమిలి చప్పగా చేసి ఇస్తారు కాబట్టి అసలు సెక్షన్ ఎదురైన రోజున మళ్లీ కొత్తే. కేంద్ర చట్టాలన్నీ ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రాజ్యాంగం అధికారిక తెలుగు అనువాదం కూడా ఆన్‌లైన్‌లో ఉంది, దాన్ని దించుకోండి, తర్వాత చెప్తాను ఎందుకో.

ఒక సెక్షన్ తీసుకుని ఎలా విప్పాలో చూపిస్తాను. భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షన్, దొంగతనం. 2024 జులై 1 దాకా ఇదే నిర్వచనం ఐపీసీ 378గా ఉండేది. ఇంగ్లీష్‌లో ఇలా ఉంటుంది: హూఎవర్, ఇంటెండింగ్ టు టేక్ డిస్ఆనెస్ట్‌లీ ఎనీ మూవబుల్ ప్రాపర్టీ అవుట్ ఆఫ్ ద పొజెషన్ ఆఫ్ ఎనీ పర్సన్ వితౌట్ దట్ పర్సన్స్ కన్సెంట్, మూవ్స్ దట్ ప్రాపర్టీ ఇన్ ఆర్డర్ టు సచ్ టేకింగ్, ఈజ్ సెడ్ టు కమిట్ థెఫ్ట్.

మొదటిసారి చదివితే ఊపిరి ఆడదు. అందుకే ముందు నుంచి చివరికి చదవకండి. మొదట క్రియ వెతకండి. "హూఎవర్" తర్వాత వచ్చే అసలు క్రియ "మూవ్స్", అది చాలా దూరంలో ఉంది. మధ్యలో ఉన్నదంతా ఆ కదిలించేవాడి ఉద్దేశం గురించి. ఇప్పుడు పెన్సిల్ తీసుకుని "హూఎవర్ మూవ్స్ దట్ ప్రాపర్టీ ఈజ్ సెడ్ టు కమిట్ థెఫ్ట్" అన్న ముక్కల కింద గీత గీయండి. అదే వాక్యం అస్థిపంజరం. మిగిలినవాటికి మార్జిన్‌లో తెలుగులోనే ప్రశ్నలు రాసుకోండి: ఏ వస్తువు? చరాస్తి. ఎక్కడి నుంచి? ఒకరి స్వాధీనంలో నుంచి. ఎలాంటి ఉద్దేశంతో? దురుద్దేశంతో తీసుకుందామని. ఏది లేకుండా? వాళ్ల సమ్మతి లేకుండా. దేనికోసం కదిలించాలి? అలా తీసుకోవడం కోసమే.

ఇంత చేశాక ఒక మాట దగ్గర ఆగండి. చట్టం "ఓనర్‌షిప్" అనలేదు, "పొజెషన్" అంది. ఇది అల్లాటప్పాగా వాడిన మాట కాదు. అదే సెక్షన్ కింద ఉన్న ఉదాహరణల్లో ఒకటి చూడండి: వాచీ రిపేరుకిచ్చారు, డబ్బు బాకీ ఉంది, ఆ బాకీకి హామీగా రిపేరు చేసినాయన వాచీని చట్టప్రకారమే తన దగ్గర ఉంచుకున్నాడు. ఆ హామీ ఆయనకు లేకుండా చేయాలని మీ వాచీ మీరే పట్టుకుపోతే అది దొంగతనం. సొంత వస్తువును దొంగిలించడం ఎలా సాధ్యమో ఆ ఒక్క మాట చెబుతోంది. ఇంకొక ఉదాహరణలో ఒకడు పక్కవాడి నేలలో చెట్టు కొడతాడు. నేలకు అంటుకుని ఉన్నంతసేపు చెట్టు చరాస్తి కాదు, కొట్టిన క్షణంలోనే చరాస్తి అవుతుంది, కదిలించినట్టూ అవుతుంది, కాబట్టి దుంగను బండెక్కించకముందే నేరం పూర్తయిపోయింది. సెక్షన్ల కింద ఉండే ఈ ఉదాహరణలు, వివరణలు వదిలేసి చదివేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. భాష నేర్చుకునేవాళ్లకి వాటికి మించిన టీచరు లేదు. చిన్న వాక్యాలు, మామూలు మాటలు, పైనున్న గట్టి వాక్యం అసలు ఏమంటోందో అక్కడ తెలిసిపోతుంది.

రోజుకు ఒక్క సెక్షన్ చాలు. విప్పండి, తెలుగులో మీ మాటల్లో రాయండి, పుస్తకం మూసేసి మళ్లీ ఇంగ్లీష్‌లో మీరే రాయండి, తర్వాత అసలుతో పోల్చండి. మీరు వదిలేసిన మాటే పరీక్షలో మార్కు పోయే మాట, రేపు కోర్టులో కేసు పోయే మాట కూడా.

ఇప్పుడు వాక్యాన్ని మలుపు తిప్పే కీలు మాటల సంగతి. లాటిన్ పదాల జాబితా బట్టీ పట్టే ముందు ఇవి పట్టుకోండి, ఎందుకంటే ఇవి ప్రతి పేజీలో ఉంటాయి. "సబ్జెక్ట్ టు" అని మొదలైతే ఈ సెక్షన్ ఇంకోదానికి లొంగి ఉంటుందని అర్థం. పార్లమెంటు చట్టాలు చేసే అధికారం చెప్పే 245వ అధికరణం "సబ్జెక్ట్ టు ద ప్రొవిజన్స్ ఆఫ్ దిస్ కాన్‌స్టిట్యూషన్" అనే మొదలవుతుంది, అంటే పార్లమెంటుకు అధికారం ఉంది గానీ రాజ్యాంగానికి లోబడి. "నాట్‌విత్‌స్టాండింగ్" దీనికి పూర్తిగా ఎదురు: అక్కడ ఏమున్నా సరే, ఇదే చెల్లుతుంది. హైకోర్టుల రిట్ (ప్రభుత్వానికి, అధికారులకు ఇచ్చే ఆదేశం) అధికారం చెప్పే 226 "నాట్‌విత్‌స్టాండింగ్ ఎనీథింగ్ ఇన్ ఆర్టికల్ 32" అంటుంది. 32 కింద సుప్రీంకోర్టుకు వెళ్లే దారి ఉన్నంత మాత్రాన హైకోర్టు తలుపు మూసుకోదన్నమాట. ఈ రెండూ తారుమారు చేసుకుంటే చట్టం మొత్తం తలకిందులవుతుంది. "ప్రొవైడెడ్ దట్" కనబడితే మినహాయింపో షరతో వస్తోంది, ఊపిరి పీల్చుకుని నెమ్మదిగా చదవండి. "షల్" మామూలుగా తప్పనిసరి, "మే" మామూలుగా ఇష్టం, కానీ సందర్భాన్ని బట్టి కోర్టులు "మే"ని కూడా తప్పనిసరిగా చదివిన తీర్పులున్నాయి, కాబట్టి తుది మాట అనుకోకండి.

నిర్వచనాల్లో "మీన్స్" ఉందా "ఇన్‌క్లూడ్స్" ఉందా అన్నది చూడటం అలవాటు చేసుకోండి. "మీన్స్" అంటే గిరి గీసినట్టే. "ఇన్‌క్లూడ్స్" అంటే మామూలు అర్థానికి తోడు ఇవి కూడా అని. 12వ అధికరణంలో "ద స్టేట్ ఇన్‌క్లూడ్స్" అని ఉన్నందువల్లే ఏ సంస్థ ప్రభుత్వం కిందికి వస్తుంది, ఏది రాదు అని దశాబ్దాలుగా వాదనలు నడుస్తున్నాయి. ఏ మాటకైనా డిక్షనరీ తెరవడానికి ముందు ఆ చట్టంలోని నిర్వచనాల సెక్షన్ తెరవండి. "డిస్ఆనెస్ట్‌లీ" అంటే నిజాయితీ లేకుండా అని డిక్షనరీ చెబుతుంది, న్యాయ సంహిత రెండో సెక్షన్ మాత్రం ఒకరికి అక్రమ లాభం గానీ ఇంకొకరికి అక్రమ నష్టం గానీ కలిగించాలన్న ఉద్దేశం అంటుంది. పరీక్షలో రాయాల్సింది రెండోది. ఆ చట్టంలో నిర్వచనం లేకపోతే 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ చూడండి, చిన్న చట్టం, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, ఎందుకో చాలా కాలేజీల్లో దాని మొహం కూడా చూపించరు.

తెలిసిన మాటే తెలియని అర్థంతో రావడం ఇంకో పెద్ద చిక్కు. తెలియని మాట ఎదురైతే ఎలాగూ వెతుకుతాం, తెలుసనుకున్న మాటే దెబ్బ కొడుతుంది. దస్తావేజు "ఎగ్జిక్యూట్" చేయడమంటే సంతకం పెట్టి రాసివ్వడం, డిక్రీ "ఎగ్జిక్యూట్" చేయడమంటే అమలు చేయించడం. ప్లెయింట్ (దావా పత్రం) చివర "ప్రేయర్" అంటే మనం కోర్టును కోరేది. "సర్వీస్" అంటే సమన్లు చేరడం. "ఇష్యూస్" అంటే కోర్టు తేల్చాల్సిన అంశాలు, అదే వీలునామా కేసులో "డైడ్ వితౌట్ ఇష్యూ" అని ఉంటే పిల్లలు లేకుండా చనిపోయాడని. వీటికి ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, అయితే మాట, అర్థం అని రెండు కాలమ్‌లు గీయకుండా ఆ మాట కనబడిన వాక్యం మొత్తం ఎక్కించుకోండి. ఒంటరి మాట వారం తర్వాత గుర్తుండదు, వాక్యం గుర్తుంటుంది.

"కన్సిడరేషన్" (ఒప్పందంలో ఇచ్చిన మాటకు బదులుగా ముట్టేది) కూడా అలాంటిదే, దాన్ని కేసుతో కలిపి చదివితేనే ఎక్కుతుంది. కాంట్రాక్ట్ యాక్ట్ 2(డి)లో "ద ప్రామిసీ ఆర్ ఎనీ అదర్ పర్సన్" అని ఒక ముక్క ఉంది, అంటే అది మాట పుచ్చుకున్నవాడి నుంచైనా, ఇంకెవరి నుంచైనా రావచ్చని. మద్రాసు హైకోర్టులో 1882 నాటి చిన్నయ్య వర్సెస్ రామయ్య కేసు చూడండి. ఒక పెద్దావిడ కూతురికి ఆస్తి గిఫ్ట్ డీడ్ రాసిచ్చి, తన తోబుట్టువుకి ఏటా కొంత సొమ్ము ఇవ్వమంది. కూతురు సరేనని ఆ తోబుట్టువుకి అగ్రిమెంట్ రాసిచ్చింది, తర్వాత ఇవ్వనంది. నీ దగ్గర నుంచి నాకేమీ ముట్టలేదు కదా, కన్సిడరేషన్ ఎక్కడుంది అన్నది కూతురి వాదన. ముట్టింది తల్లి దగ్గర నుంచి, చట్టం "ఎనీ అదర్ పర్సన్" అంది కాబట్టి అది చాలు అని కోర్టు తేల్చింది. మూడే మూడు మాటల మీద ఒక మనిషికి ఏటా రావాల్సిన సొమ్ము నిలబడింది. ఈ కేసు తెలిశాక ఆ సెక్షన్‌లో ఆ మాటలు మీకు అచ్చులో లావుగా కనిపిస్తాయి.

తీర్పులు చదవడం రెండో సెమిస్టర్ దాకా వాయిదా వేయకండి, కానీ కేశవానంద భారతి కేసుతో మాత్రం మొదలుపెట్టొద్దు. పదమూడు మంది జడ్జీలు, వందల పేజీలు, 7–6 మెజారిటీ, మొదట్లోనే దాన్ని ఎత్తుకుంటే లా మీదే విరక్తి వస్తుంది. నేనైతే మొదట బిజో ఇమ్మాన్యుయేల్ వర్సెస్ స్టేట్ ఆఫ్ కేరళ, 1986 ఇస్తాను. జాతీయ గీతం పాడుతున్నప్పుడు లేచి మర్యాదగా నిలబడి, తమ మత విశ్వాసం వల్ల పాడని ముగ్గురు పిల్లల్ని బడి నుంచి తీసేశారు. ఆ సుప్రీంకోర్టు తీర్పు రాసింది అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. చిన్నది, కథ లాగా మొదలవుతుంది, చివర్లో మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనం పాటిస్తుంది అని మూడు చిన్న వాక్యాలున్నాయి. పెద్ద మాటలు లేకుండా ఎంత బలంగా రాయొచ్చో అది చదివి తెలుసుకోండి. దాని తర్వాత ఖరక్ సింగ్ కేసులో జస్టిస్ కోకా సుబ్బారావు మైనారిటీ తీర్పు. ప్రైవసీ వ్యక్తి స్వేచ్ఛలో భాగమని ఆయన 1962లో రాశారు, మెజారిటీ ఒప్పుకోలేదు, 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఆ దారికే వచ్చారు. ఇద్దరూ మనవాళ్లేనన్న అభిమానం నాకుంది, దాచుకోను, కానీ ఆ ఇంగ్లీష్ శుభ్రంగా ఉంటుందన్నది అభిమానంతో చెప్తున్న మాట కాదు.

తీర్పు చదివేటప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో కనిపెట్టుకుంటూ ఉండాలి. "లర్నెడ్ కౌన్సెల్ కంటెండెడ్", "సబ్మిటెడ్", "అర్జ్డ్" అని ఉంటే అది లాయరు వాదన. "వి హోల్డ్", "ఇన్ అవర్ ఒపీనియన్", "వి ఆర్ అనేబుల్ టు అగ్రీ" అని ఉంటే కోర్టు మాట. లాయరు వాదనను కోర్టు తీర్పుగా జవాబు పత్రంలో రాసేసేవాళ్లు ఎంతమందో, అందులోనూ ఓడిపోయిన వాదనని. రెండు రంగుల పెన్నులు వాడండి, ఒకటి వాదనలకు, ఒకటి కోర్టుకు. చివరి పేరా ముందే చదివేయండి, తప్పేం లేదు: "అలవ్డ్" అంటే అప్పీలు గెలిచింది, "డిస్మిస్డ్" అంటే పోయింది, "సెట్ ఎసైడ్" అంటే కింది కోర్టు ఉత్తర్వు కొట్టేశారు, "రిమాండెడ్" అంటే మళ్లీ విచారించమని కిందికి పంపారు. క్రిమినల్ వైపు రిమాండ్ అంటే కస్టడీకి పంపడమని మనందరికీ తెలుసు, ఇక్కడ అది కాదు. పైన ఉండే హెడ్‌నోట్ (ప్రచురణకర్తలు రాసే సారాంశం) మాత్రం తీర్పులో భాగం కాదు, దాన్ని చూసి దారి తెలుసుకోండి, దాన్ని కోట్ చేయకండి. తీర్పులు ఇండియన్ కానూన్‌లోనూ సుప్రీంకోర్టు వారి ఈ–ఎస్‌సీఆర్‌లోనూ ఉచితమే, కొన్ని తీర్పులకి తెలుగు అనువాదాలు కూడా సుప్రీంకోర్టు సైట్‌లో పెడుతున్నారు. తెలుగు రాజ్యాంగం దించుకోమన్నది ఇందుకే: రెండు భాషలూ పక్కపక్కన పెట్టుకుని, ముందు ఇంగ్లీష్ మీరు విప్పి, ఆ తర్వాతే తెలుగు చూడండి. వరస తిరగేస్తే కళ్లు తెలుగు మీదే ఉండిపోతాయి.

కాలేజీకి దగ్గర్లో ఉన్న సివిల్ కోర్టులో వీలున్నప్పుడు వెనక బెంచీలో కూర్చోండి. సాక్షి బోనులో ఉన్నప్పుడు జరిగేది చాలా కోర్టుల్లో ఇలా ఉంటుంది: లాయరు తెలుగులో "ఆ ప్రోనోటు మీరు పుట్టించిందేనంటాను, ఏమంటారు?" అంటాడు, సాక్షి "కాదండీ" అంటాడు, జడ్జిగారు స్టెనోకి "ఇటీజ్ నాట్ ట్రూ టు సజెస్ట్ దట్ ద సూట్ ప్రోనోట్ ఈజ్ ఎ ఫాబ్రికేటెడ్ డాక్యుమెంట్" అని చెప్పి రాయిస్తారు. రెండు భాషలూ మీ కళ్లముందే పక్కపక్కన నడుస్తాయి, ఏ కోచింగ్‌లోనూ ఇది దొరకదు. సాక్షి ఒక్క మాటన్నా రికార్డులో నిండు వాక్యం ఎందుకవుతుందో గమనించండి: రేపు అప్పీలులో ఆ కాగితం చదివే జడ్జికి ప్రశ్న వినబడదు, జవాబులోనే ప్రశ్న కూడా ఉండాలి.

రాయడం దగ్గరికొస్తే, బరువైన మాటలు రాస్తేనే లాయరులా ఉంటుందన్న భ్రమ వదిలేయండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆరో ఆర్డరు రెండో రూలు ప్లీడింగ్స్‌లో (రెండు పక్షాలూ కోర్టుకి రాసిచ్చే పత్రాల్లో) ముఖ్యమైన వాస్తవాలు క్లుప్తంగా చెప్పాలనే అంటుంది. ఆ కోడ్ చివర అపెండిక్స్ ఏలో ప్లెయింట్ నమూనాలున్నాయి, మొదటిది అప్పు బాకీ. ఫలానా తేదీన ప్రతివాదికి ఇన్ని రూపాయలు అప్పిచ్చాను, ఫలానా తేదీకి తీర్చాలి, ఇంత తప్ప తీర్చలేదు. అంతే దాని సారం, ఆ ఇంగ్లీష్ పదో తరగతి పిల్లలకీ అర్థమవుతుంది. ఆ నమూనాని చేత్తో దించి రాయండి, తర్వాత పేర్లు, తేదీలు మార్చి మీరే ఒకటి కట్టండి, ఆ తర్వాత ఇంట్లో ఉన్న ఏదైనా తెలుగు దస్తావేజు తీసుకుని తూర్పు పడమర హద్దులతో సహా ఆస్తి షెడ్యూల్‌ని ఇంగ్లీష్‌లో రాయండి. ఒక కథ ఇచ్చి తేల్చమనే ప్రాబ్లమ్ ప్రశ్నలకైతే గొడవ ఏ అంశం మీద, ఏ సెక్షన్, ఆ సెక్షన్‌లో ఒక్కో షరతు ఈ కథకి ఎలా సరిపోతుంది, కాబట్టి ఏం తేలుతుంది, ఈ వరసలో రాయండి. ఒక వాక్యంలో ఒక్క విషయమే చెప్పండి. రాసింది సీనియర్ విద్యార్థికో, రోజూ డ్రాఫ్టింగ్ చేసే జూనియర్ అడ్వకేట్‌కో చూపించి దిద్దించుకోండి. గ్రామర్ యాప్ దిద్దితే మాత్రం జాగ్రత్త, అది "షల్"ని "విల్" చేయొచ్చు, "సచ్ టేకింగ్" లాంటి ముక్కల్ని తప్పని కొట్టేయొచ్చు.

లాటిన్ మాటలు ఎదురైనప్పుడు ఎదురైనట్టు నేర్చుకోండి. రెస్ జ్యుడికేటా (ఒకసారి తేలిన వివాదాన్ని మళ్లీ తెరవకూడదన్న సూత్రం) కావాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ సెక్షన్ చదవండి, మాటా వస్తుంది, సంగతీ వస్తుంది.

మాట్లాడటం చివర్లో పెట్టాను, ఎందుకంటే పైవి చేస్తుంటే అది సగం దానంతటదే వస్తుంది. రోజూ విప్పిన సెక్షన్‌ని గట్టిగా, కామాల దగ్గర ఆగుతూ చదవండి. ఎక్కడ ఆగాలో తెలియడం లేదంటే వాక్యం ఇంకా అర్థం కాలేదని. రాతకీ పలుకుకీ పొంతన లేని మాటలు ముందే సరిచూసుకోండి: డెట్‌లో బి పలకదు, సపీనాలోనూ పలకదు, ఇండైట్‌మెంట్‌లో సి పలకదు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణలు 2022 సెప్టెంబర్ నుంచి లైవ్‌లో వస్తున్నాయి, వాటిలో మంచి లాయర్లు ఎంత నెమ్మదిగా, ఎంత చిన్న వాక్యాల్లో మాట్లాడతారో వినండి. మూట్ కోర్టుకి (విద్యార్థులు వాదించే నమూనా కోర్టు) పేరిచ్చేయండి, రెండో ఏడాది దాకా ఆగకండి. జడ్జిని ఎలా పిలవాలన్న భయం ఉంటే, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2006లోనే హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో "యువర్ ఆనర్" లేదా "ఆనరబుల్ కోర్ట్", కింది కోర్టుల్లో "సర్" లేదా స్థానిక భాషలో దానికి సమానమైన మాట చాలని చెప్పింది. "మై లార్డ్" ఇంకా గట్టిగానే వినిపిస్తుందనుకోండి. జడ్జి మధ్యలో ప్రశ్న అడిగితే కంగారుపడి బట్టీ పట్టిన పేరాకి తిరిగి వెళ్లకండి. ఆగి, సెక్షన్ నంబరు చెప్పి, అందులో మీ కేసుకి కావాల్సిన ముక్క చదివి వినిపించి, అప్పుడు మీ జవాబు చెప్పండి.